నల్లకోటు స్వామి

"వెయ్యను అత్తయ్యా. ఇంకో పదిసార్లు అడిగినా ఇదే మాట," అన్నాడు శివరామకృష్ణ.

డైనింగు టేబులు మీద తులసిమాల ఉంది. దాని పక్కన మడత విప్పని నల్లపంచె, నల్లతువ్వాలు. ఆ పక్కన అతను సగం తిని వదిలేసిన పెసరట్టు. రమణమ్మ అల్లుడి మొహం చూడకుండా ఆ పెసరట్టు వంక చూసింది.

"ఇందులో ఉల్లిపాయలేశావా జ్యోతీ?"

"వేశానమ్మా."

"రాత్రేం వండావు?"

జ్యోతిర్మయి చెప్పాల్సిన పని లేదు. కోడికూర గిన్నె ఇంకా సింకులోనే ఉంది.

"స్వామియే శరణమయ్యప్పా!" అంటూ రమణమ్మ లెంపలేసుకుంది. అబద్ధమాడినందుకు వేసుకోవాల్సిన లెంపలు కోడికూర కోసం వేసుకుంది.

ఆ అబద్ధం ఆవిడదే. మొన్న ఆదివారం పర్చూరులో, కొడుకు వీరబాబు పెళ్లిచూపుల్లో ఆడింది. ఆ ఇంటి గడప దగ్గర బూట్లు విప్పి లోపలికి నడిచాడు శివరామకృష్ణ. కాళ్లకి చెప్పుల్లేవు. మెడదాకా గుండీలున్న పొడుగాటి నల్లచొక్కా, నల్లప్యాంటు, పదిరోజుల గడ్డం, దారిలో గుడి దగ్గర ఆగినప్పుడు అత్తగారే స్వయంగా దిద్దిన కుంకుమబొట్టు. పైగా కార్తీకమాసం. ఇక చూసేవాళ్లకి వేరే సాక్ష్యమెందుకు? పెళ్లికూతురు ధనశ్రీ తండ్రి కోటిలింగంగారు కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని, వంగనని మొరాయించే మోకాళ్లని వంచి, "స్వామి శరణం" అంటూ అతని పాదాలు ముట్టుకున్నారు.

అరవయ్యారేళ్ల పెద్దమనిషి! శివరామకృష్ణ అదిరిపడి, "అయ్యో, నేను..." అనేలోపే రమణమ్మ అందుకుంది. "అవును అన్నయ్యగారూ, ఈ ఏడే వేసుకున్నారు. కన్నెస్వామి."

అక్కడితో ఆగినా బాగుండేది. ఇవాళ పొద్దున్నే కోటిలింగంగారు ఫోను చేశారు. ఆయన కొండకి పదిహేడుసార్లు వెళ్లొచ్చారట. పద్దెనిమిదోసారి వెళ్లనివ్వమని మోకాళ్లు మొండికేశాయట. తన బదులు నెయ్యీ కొబ్బరికాయా స్వామి ఇరుముడిలో పెట్టుకెళ్లమని అడగడానికి బస్సెక్కారు. పదకొండు గంటలకి గుంటూరులో, బ్రాడీపేటలో, ఈ ఇంట్లో ఉంటారు.

ఇప్పుడు తొమ్మిదిన్నర.

"అల్లుడుగారూ, ఇప్పుడే తలస్నానం చేసి వేసుకోండి," అంది రమణమ్మ గొంతు తగ్గించి. "ఇవాళ్టినించి నలభై ఒక్కరోజులు. అప్పుడిక అబద్ధమెక్కడిది? నిజమే అయిపోతుంది."

"ఆదివారం ఆడిన అబద్ధానికి శుక్రవారం మాల వేస్తే నిజమవుతుందా అత్తయ్యా?"

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు."

"పెళ్లికి ఆడమన్నారు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఆడమన్నారా?"

అంతసేపూ గుమ్మానికి చేరగిలబడి నిలబడ్డ వీరబాబు ముందుకొచ్చాడు. ముప్పయ్యయిదేళ్లవాడు. మిరపతోటకి మందు కొట్టి అలాగే బయల్దేరినట్టున్నాడు, చొక్కా ఇంకా ఆ వాసనే వస్తోంది.

"బావా, నాకొకటి అర్థం కాదు. ఏడాదినించీ నువ్వెలాగూ నల్లబట్టలే వేస్తున్నావు. గడ్డం ఎలాగూ గియ్యట్లేదు. దానిమీద ఒక దండేగా! ఆ దండకి ఇంత రాద్ధాంతమా?"

మరోరోజైతే జ్యోతిర్మయికి నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

"మా నాన్న పన్నెండేళ్లు వేశాడురా ఆ దండ," అన్నాడు శివరామకృష్ణ. "మిగతా రోజుల్లో ఆయన అరిస్తే వీధి చివరికి వినపడేది. ఆ నలభై రోజులు మాత్రం మా అమ్మని కూడా మాతా అని పిలిచేవాడు. కింద పడుకునేవాడు, చన్నీళ్లు పోసుకునేవాడు. అది నేను కళ్లారా చూశాను. నా నల్లబట్టలు సరదాకి వేసుకునేవి. రెండూ ఒకటి కాదు."

"నీ సరదాకి నా కొంప మునుగుతోంది బావా!"

ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది.

వీరబాబు అన్నది అబద్ధం కాదు. అదే జ్యోతిర్మయిని తినేస్తోంది. ఆరేళ్లుగా సంబంధాలు చూస్తున్నారు. పొలమెంత? ఏడెకరాలు. మిరపా పత్తీ. బాగుంది. అబ్బాయి ఉద్యోగం? వ్యవసాయం. ఆ మాటతో అవతల ఫోను పెట్టేసేవారు. వాడి ఈడువాళ్లు ఊళ్లో ఇంకా పదకొండుమంది అలాగే మిగిలిపోయారు. చివరికి పర్చూరులో టీచరు ఉద్యోగం చేస్తున్న ధనశ్రీ, "పొలం చేసేవాడైతే నాకేం ఫరవాలేదు, నిజాయితీగా ఉంటే చాలు" అందట. ఆ మాట విన్నరోజు వీరబాబు అక్కకి ఫోను చేసి ఏం చెప్పాలో తెలీక ఊరికే నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ఇంకా చెవుల్లో ఉంది.

"నిజాయితీ" అన్న ముక్క కూడా చెవుల్లోనే ఉంది. దాన్నే ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"అసలు దీనంతటికీ మూలం నువ్వేనే," అని రమణమ్మ కూతురి మీదికి తిరిగింది. "నలభై దాటిన మగాడికి సింగారమేంటి? ఆయన ముచ్చటపడితే నువ్వు గుడ్డ కొనిచ్చావు. కుట్టించావు. అమావాస్యలాగా తయారుచేసి పెళ్లిచూపులకి తీసుకొచ్చావు!"

"తెల్లచొక్కా వేసుకోమన్నానమ్మా ఆరోజు."

"అన్నావు. ఆయన వద్దన్నాడు. నువ్వు ఊరుకున్నావు. నీకసలు ఊరుకోవడం తప్ప ఏం వచ్చు?"

తల్లి కోపంలో అన్న మాట సూటిగా వచ్చి తగలాల్సిన చోటే తగిలింది. కోటిలింగంగారు వంగినప్పుడు జ్యోతిర్మయి కాఫీగ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది మరి.

శివరామకృష్ణ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "జ్యోతీ, ఒకసారి లోపలికి రా."

పడగ్గది తలుపు మూశాక అతను మంచం మీద కూలబడ్డాడు. బయట ఉన్నంతసేపూ చూపించిన ధీమా అంతా దిగిపోయింది.

"నేను లేకుండా పోతే సరిపోతుందేమో. పెరటి తలుపులోంచి కోల్డుస్టోరేజీకి వెళ్లిపోతా. స్వామి డ్యూటీలో ఉన్నాడని చెప్పండి."

"కాయ ఎవరికిస్తారు మరి?"

"మీ అమ్మ తీసుకుంటుంది. ఆవిడ ఏదైనా తీసుకోగలదు."

"తీసుకున్న కాయ కొండకి ఎవరు మోస్తారండీ?"

అతను బీరువా వైపు తలెత్తి, "పోనీ, బీరువా తెరువు," అన్నాడు. "నేను ఏం వేసుకోవాలో నువ్వే తియ్యి. ఆ నల్లపంచె ఇచ్చి మాల వేసుకోమంటే, ఒట్టు, వేసుకుంటా. వీరబాబు కోసం కాదు, నీకోసం. తెల్లచొక్కా ఇస్తే అదీ వేస్తా. నాకు బుర్ర పనిచెయ్యడం లేదు."

జ్యోతిర్మయికి కోపం ముంచుకొచ్చింది. ఎంత హాయి! బరువంతా తెచ్చి ఆమె నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో బీరువా.

తలుపు తెరిచింది.

పై అరలో తెల్లచొక్కాలు. పదహారేళ్లు అవే వేసుకుని డ్యూటీకి వెళ్లాడు. మిరపబస్తాలు దాచే ఆ కోల్డుస్టోరేజీ గదుల్లో ఎముకలు కొరికే చలి, బయట ఎండకి తారు కరిగే గుంటూరు. ఈ ఊళ్లో కోటు అవసరమైన మగాళ్లెవరైనా ఉంటే అక్కడ పనిచేసేవాళ్లే. రెండేళ్ల కిందట ఎక్కడో ఒక పొడుగాటి నల్లకోటు కొనుక్కున్నాడు, చలి ఆపడానికి. ఒకరోజు విప్పడం మర్చిపోయి అలాగే ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడిపోయాడు. "జ్యోతీ, చూడు, ఇది నేనేనా?" అన్నాడు. ఆ గొంతులో అంత సంతోషం ఆమె ఎప్పుడూ వినలేదు.

తర్వాత ఫోనులో వెతికి వెతికి ఇలా నిలువెల్లా నల్లగా ముస్తాబవడాన్ని గోథిక్ ఫ్యాషన్ అంటారని కనిపెట్టాడు. ముందు ఆమె పగలబడి నవ్వింది. ఆపైన నలుగురూ నవ్వుతుంటే సిగ్గుపడింది. ఆ కోటు గుడ్డకి అతని వీపంతా చెమటకాయలు లేచిన రోజున మాత్రం తనే మంగళగిరి వెళ్లి నల్ల నూలుగుడ్డ తెచ్చి, అనీస్ టైలరు ముందు పెట్టింది. "ఎవరికమ్మా, నాటకాలవాళ్లకా?" అన్నాడాయన. "మా ఆయనకి," అంది తలెత్తి. కాలరుకి వెల్వెట్ తనే ఎంచింది. చేతుల అంచున సన్నటి నల్ల లేసు తనే వేయించింది. వెండిరంగు గుండీలా, నల్లవా అని అరగంట తేల్చుకోలేక చివరికి వెండివే పెట్టించింది. సాలీడు బొమ్మ ఉంగరం ఒక్కటి మాత్రం అతనే తెచ్చుకున్నాడు.

ఇప్పుడు తను కుట్టించిన ఆ కోటు బీరువాలో వేలాడుతోంది.

తెల్లచొక్కా ఇస్తే కోటిలింగంగారు స్వామి మాల తీసేశాడనుకుంటారు. అది ఇంకా పెద్ద అపచారం. నల్లపంచె ఇస్తే పెళ్లి నిలబడుతుంది, మొగుడు నలభై ఒక్కరోజులు తన మొహంలోకి చూడడు. పెరటి తలుపు తీస్తే? ఇవాళ గడుస్తుంది. రేపు? ఇరుముడి కట్టే రోజున ఊరంతా వస్తామంటే?

ఆమె కోటు తీసింది.

"ఇదా?" అన్నాడతను.

"ఏ స్వామీ లేసు పెట్టుకోడు. ఏ స్వామీ సాలీడు ఉంగరం పెట్టుకోడు. బూట్లు కూడా వేసుకోండి, ఇంట్లోనే. ఆయనకే అర్థమైపోతుంది. మనం నోరు విప్పక్కర్లేదు."

అంటే ఇప్పుడు కూడా నోరు విప్పే ధైర్యం లేదన్నమాట, పనంతా గుడ్డ చేత చేయిద్దామని చూస్తోంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

కోటుతో బయటికొచ్చిన అల్లుణ్ణి చూసి రమణమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "జ్యోతీ! తమ్ముడి గొంతు కోస్తావుటే!" ఇంకా ఏదో అనబోయింది. వీధిలో ఆటో ఆగింది. గంట పదకొండు కూడా కాలేదు. వీరబాబు మాలనీ పంచెనీ గబగబా సంచిలో కుక్కి సోఫా వెనక్కి తోశాడు.

కోటిలింగంగారు మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నారు. ఒక కాలు పైన పెట్టడం, రెండోది దాని పక్కకి తెచ్చుకోవడం, ఊపిరి తీసుకోవడం. ఒక చేతిలో పసుపుసంచి. వీరబాబు ఎదురెళ్లి పట్టుకోబోతే, "వద్దు బాబూ, స్వామి ఇంటికి నా కాళ్లతో నేనే రావాలి," అన్నారు.

లోపలికొచ్చి శివరామకృష్ణని చూశారు. కిందినించి పైదాకా. బూట్లు. కోటు. వెల్వెట్ కాలరు. లేసు. ఉంగరం.

"స్వామి శరణం," అన్నారాయన మెల్లగా. "డ్యూటీ బట్టలా స్వామీ? మా అమ్మాయి చెప్పింది, మీది కోల్డుస్టోరేజీ అని. పాపం, ఆ చలిలో వట్టికాళ్లతో ఎలా తిరుగుతారు! తప్పులేదు, నేనూ ఒక ఏడు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర చెప్పులేసుకున్నాను. అయ్యప్పకి తెలుసు మన తిప్పలు."

నమ్మినవాడికి కోటులో కూడా స్వామే కనపడ్డాడు!

ఆయన సంచిలోంచి కొబ్బరికాయ తీశారు. పీచు ఒక్కటి లేకుండా గీకి, అరగదీసి, నున్నగా చేసిన కాయ. తర్వాత చిన్న సీసా. "మా ఆవునెయ్యేనమ్మా చెల్లెమ్మా. నేనే కాచాను. మీ వదినని కూడా ముట్టుకోనివ్వలా." రమణమ్మ తల ఊపింది.

కాయ చేత్తో పట్టుకుని ఆయన సోఫా అంచు పట్టుకున్నారు. మోకాలు వంచబోయారు. బాధకి పళ్లు బిగబట్టారు. శివరామకృష్ణ భార్య వంక చూశాడు. రమణమ్మ కూతురి వంక చూసింది. ఒకరి చూపు చెప్పమంటోంది, ఒకరి చూపు చెప్పొద్దంటోంది.

"వంగకండి మావయ్యగారూ," అంది జ్యోతిర్మయి. "ఆయన మాల వెయ్యలేదు. ఆదివారం నాడు కూడా వెయ్యలేదు. ఆయనవి మామూలు బట్టలండి. ఇష్టపడి వేసుకునేవి. మేము అబద్ధమాడాం."

సగం వంగిన మనిషి అలాగే ఉండిపోయారు. శివరామకృష్ణ చప్పున రెండు రెక్కలూ పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టాడు. "ఆరోజే చెప్పాల్సింది. నాదే తప్పు. క్షమించండి," అన్నాడు.

ఆయన వినలేదో, విన్నా పట్టించుకోలేదో. కొబ్బరికాయ వంక చూస్తున్నారు. ఒళ్లో పెట్టుకుందామా, టేబులు మీద పెడదామా అన్నట్టు రెండుసార్లు అటూ ఇటూ జరిపి, చివరికి ఒళ్లోనే పెట్టుకున్నారు. పుట్టెడు దుఃఖం వచ్చింది జ్యోతిర్మయికి. తిట్టినా బాగుండేది.

"ఊళ్లో అందరికీ చెప్పాను," అన్నారు. "మా వియ్యాలవారింట్లో స్వామి ఉన్నాడు, నా కాయ కొండెక్కుతోంది అని."

"అన్నయ్యగారూ, తప్పంతా నాది!" రమణమ్మ భోరుమంది. "నోరు జారాను. మా పిల్లాడి పెళ్లెక్కడ తప్పిపోతుందోనని..."

"ఎవరెవరికి తెలుసమ్మా ఇది?"

"నాకు తెలుసండి," అంది జ్యోతిర్మయి. "నేనక్కడే ఉన్నాను. చెప్పలేకపోయాను."

ఆయన తల నెమ్మదిగా వీరబాబు వైపు తిరిగింది. "నీకూ తెలుసా అబ్బాయ్?"

వీరబాబు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆదివారం తిరుగు ప్రయాణంలో కారులో అందరికంటే ఎక్కువ నవ్వింది వాడే. "బావకి దణ్ణం పెట్టించుకునే యోగం పట్టింది" అన్నది వాడే.

"తెలీదండి," అన్నాడు వీరబాబు. "నేను ఊళ్లో ఉంటాను, వీళ్లు గుంటూరులో. అమ్మ చెప్పింది నిజమే అనుకున్నా. నాకూ ఇప్పుడే తెలిసింది."

రమణమ్మ ఏడుపు సగంలో ఆగిపోయింది.

కోటిలింగంగారి మొహంలో బిగువు కాస్త సడలింది. ఆయన మంచివాడు, కాస్త ఆసరా దొరికితే చాలు నిలబడాలనుకునే మనిషి. "అదీ. అబ్బాయికి తెలియకపోతే నేను తట్టుకోగలను. మా అమ్మాయి అడిగింది ఒక్కటే, పెద్దవాళ్ల సంగతి ఎలా ఉన్నా ఆ అబ్బాయి అబద్ధమాడకూడదని. నేను వెళ్లి దానికి అదే చెప్పాలి." అంటూ ఆయన జ్యోతిర్మయి వైపు తిరిగారు. "తల్లీ, ఈ ఇంట్లో నాతో నిజం చెప్పింది నువ్వు. నీ తమ్ముడికి తెలియదన్న మాట నిజమేనా? నువ్వు అవునంటే చాలు, మారు మాట్లాడకుండా తాంబూలాలకి రోజు చూసుకుంటాను."

"అవునని చెప్పవే," అంది రమణమ్మ, పైకి వినపడకుండా, పెదవులతో.

జ్యోతిర్మయి తమ్ముడి వంక చూసింది. వీరబాబు నేల వంక చూస్తున్నాడు. కోటిలింగంగారు ఒళ్లో కాయ పట్టుకుని, ఆమె మాట కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.